ఆరు సెంటీమీటర్ల గడ్డ చుట్టూ గీసిన సున్నా

"పిల్లలు పుట్టేశారు కదా, ఇక దానితో పనేముంది? తీయించేసుకో."

ఈ మాట మా అక్కకు ఎంతమంది చెప్పారో లెక్కపెట్టడం మానేశాను. చుట్టాలు చెప్పారు, ఆఫీసులో తోటివాళ్లు చెప్పారు. చివరికి డాక్టరు కూడా ఇంచుమించు అదే మాట కాస్త మర్యాదగా చెప్పారు. పని తీరిపోయిందని పారేయడానికి గర్భసంచి ఏమైనా అటక మీది పాత ట్రంకుపెట్టెనా?

అక్కకు 46 ఏళ్లు. ఏడాదిగా నెలసరి వస్తే పది రోజులు ఆగడం లేదు. మొదటి మూడు రోజులు గంటకో ప్యాడ్ మార్చాల్సిందే. రాత్రి పక్క మీద ముదురు రంగు తువ్వాలు మడిచి వేసుకుని పడుకునేది. ఇవేవీ మాకు తెలియవు, ఎందుకంటే తను చెప్పలేదు. మాకు కనిపించింది ఒక్కటే, ఫ్రిజ్‌లోని ఐసు ముక్కలు తీసి కరకర నమలడం. "చిన్నపిల్లలా ఏమిటే అక్కా ఇది" అని నవ్వాను. శరీరంలో ఐరన్ అడుగంటినవాళ్లకు ఐసు నమలాలనిపిస్తుందని తర్వాత తెలిసింది. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. తనకు 7.4 ఉంది. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

స్కానింగ్ రిపోర్టులో రెండు గడ్డలున్నాయి. డాక్టరు పెన్ను తీసి ఆరు సెంటీమీటర్ల గడ్డ చుట్టూ సున్నా చుట్టారు. "పెద్దదే. గర్భసంచి తీసేద్దాం. పనిలో పనిగా అండాశయాలు కూడా తీసేస్తే రేపు క్యాన్సర్ భయం ఉండదు." మొత్తం ఐదు నిమిషాలు పట్టలేదు. ఆ కింది లైనులో రెండు సెంటీమీటర్ల ఇంకో గడ్డ ఉందని రాసి ఉంది. దాని ఊసే ఎత్తలేదు.

నా కోపమంతా ఆ సున్నా మీదే.

గర్భసంచిలో గడ్డ అనగానే గుండె జారిపోతుంది కానీ, వాటిలో ఎక్కువ భాగం ఫైబ్రాయిడ్లు, అంటే కండరంలో పెరిగే మామూలు గడ్డలు. యాభై ఏళ్లు వచ్చేసరికి నూటికి డెబ్బై మందికో అంతకంటే ఎక్కువ మందికో ఇవి ఉంటాయి, చాలామందికి ఉన్నట్టే తెలియదు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్ల బలంతో పెరుగుతాయి, మెనోపాజ్ వచ్చాక, అంటే నెలసరి పూర్తిగా ఆగిపోయాక, సాధారణంగా కుంచించుకుపోతాయి. అసలు చూడాల్సింది సైజు ఒక్కటే కాదు, అది ఎక్కడ ఉందన్నది. బయటి గోడకు వేలాడే గడ్డ ఎంత పెద్దదైనా రక్తస్రావం జోలికి పోకపోవచ్చు, మహా అయితే మూత్రాశయాన్ని నొక్కుతుంది. లోపలి పొర కింద నుంచి గర్భసంచి కుహరంలోకి పొడుచుకొచ్చినది శనగగింజ నుంచి గోలీ అంత ఉన్నా చాలు, మనిషిని పాలిపోయేలా చేస్తుంది.

అక్కను బతిమాలి ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ ఆ సున్నా వైపు చూడనే లేదు. కింది లైను మీద వేలు పెట్టి, "ఇది లోపలికి ఉందా?" అని అడిగారు. సన్నని కెమెరా గొట్టంతో లోపలికి చూస్తే దొంగ దొరికింది. వయసు 45 దాటింది కాబట్టి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి కూడా పంపారు. క్యాన్సర్ లేదని వచ్చింది. మాత్రలతో రక్తస్రావాన్ని అదుపులో పెట్టి, సెలైన్‌లో ఐరన్ ఎక్కించి, ఆ తర్వాత కెమెరా దారిలోనే చిన్న గడ్డను తొలిచేశారు. పొట్ట మీద ఒక్క కోత లేదు. సాయంత్రానికి ఇంటికొచ్చేసింది.

అందరికీ ఇదే కుదురుతుందని అనను. కొందరికి గర్భసంచిలో పెట్టే, హార్మోన్ విడుదల చేసే లూప్ చాలు. కొందరికి గడ్డకు వెళ్లే రక్తనాళాన్ని మూసేస్తారు, ఆ పద్ధతి 1990ల నుంచి ఉన్నదే. కొందరికి గర్భసంచి తీసేయడమే సరైన వైద్యం, ఏళ్ల తరబడి నలిగిపోయి తానే కోరుకునే ఆవిడను ఆపడానికి నేనెవరిని? నా పోరు ఆపరేషన్ మీద కాదు, మిగిలిన దారులున్నాయని కూడా చెప్పకపోవడం మీద. అండాశయాల సంగతైతే మరీ ఘోరం. మెనోపాజ్ రాకముందే, ఏ జబ్బూ లేని అండాశయాలు తీసేస్తే ఎముకలు గుల్లబారే ముప్పు, గుండెజబ్బు ముప్పు పెరుగుతాయి. వంశపారంపర్యంగా క్యాన్సర్ ముప్పు ఉన్నవాళ్ల లెక్క వేరు. మా ఇంట్లో అలాంటిది ఉందా అని కూడా ఎవరూ అడగలేదు.

విచిత్రం చూడండి. అవసరం ఉందో లేదో చూడకుండా కోసేయమన్న ఈ చుట్టాలే, మెనోపాజ్ వచ్చి ఆరేళ్లయిన మా పెద్దమ్మకు మళ్లీ రక్తం కనిపిస్తే "వయసు కదా, అదే పోతుంది" అన్నారు. అక్కడ ఒక్క రోజు కూడా ఆగకూడదు! అలా రక్తం కనిపించినవాళ్లలో దాదాపు పదింట తొమ్మిది మందికి అది క్యాన్సర్ కాదు, నిజమే. కానీ గర్భసంచి లోపలి పొరకు క్యాన్సర్ వచ్చినవాళ్లలో పదింట తొమ్మిది మందికి ఆ రక్తస్రావమే కనిపిస్తుంది. స్కానింగ్‌లో పొర మందం నాలుగు మిల్లీమీటర్లు దాటితే బయాప్సీ చేయాలి. ఆవిడ నాలుగు నెలలు ఆగింది. క్యాన్సర్ తొలి దశలోనే దొరకడం మా అదృష్టం. ఆవిడకు గర్భసంచి, అండాశయాలు రెండూ తీశారు, తీయాల్సిందే కూడా.

అక్క హిమోగ్లోబిన్ ఇప్పుడు 11.9. ఐసు జోలికి పోవడం లేదు. మొన్న మళ్లీ స్కానింగ్ తీయించాం. సున్నా చుట్టిన గడ్డ అక్కడే ఉంది, అదే ఆరు సెంటీమీటర్లు.