గుర్రపు డెక్క సీసాన్ని అరిగించుకుంటుందా?

మా బెంగళూరు అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులో తిరుగుతున్న ఫార్వర్డ్ చెప్పేదిది: బెళ్ళందూరు చెరువులో గుర్రపు డెక్కను పీకించడం దండగ, అది సీసం, కాడ్మియం తిని అరిగించుకుంటుంది, పీకినా బంగారంలాంటి ఎరువవుతుంది, ఇంట్లో బోరు నీళ్ళ డ్రమ్ములో రెండు మొక్కలు వేసుకుంటే ఆర్వో కూడా అక్కర్లేదు. ఇందులో కాస్త నిజం ఉండబట్టే జనం నమ్ముతున్నారు.

ఆ మొక్క వేర్లు లోహాలను పట్టుకునే మాట నిజమే. అరిగించుకోవడం మాత్రం ఉత్త మాట. సీసం మూలకం; మురుగులోని మలినాన్ని బ్యాక్టీరియా విరగ్గొట్టినట్టు దాన్ని ఏ మొక్కా విరగ్గొట్టలేదు. నీళ్ళలో ఉన్నది వేర్లకు చేరుతుంది, అంతే. మొక్క చచ్చి అడుగున కుళ్ళిందా, పట్టుకున్నదంతా మళ్ళీ చెరువుకే. అంటే ఫార్వర్డ్ వద్దంటున్న పీకుడే ఇందులో అసలు పని!

పైగా ఏళ్ళ తరబడి ఆ చెరువు మీద కలుపు పచ్చటి తివాచీలా పరుచుకునే ఉండేది. చెరువేమైనా బాగుపడిందా? దట్టంగా అల్లుకుంటే నీటికి వెలుతురు, గాలి అందవు, చేపలకు ఊపిరాడదు. 2018 జనవరిలో అక్కడ నిప్పంటుకున్నది కూడా ఎండిన గడ్డీ గాదానికే.

అన్నింటికన్నా నాకు భయం వేసింది ఎరువు మాట. గుర్రపు డెక్కలో నూటికి తొంభై పాళ్ళకు పైగా నీరే. ఎండి, కుళ్ళి, గంపెడు మొక్క గుప్పెడవుతుంది. లోహం మాత్రం ఎక్కడికీ పోదు, ఆ గుప్పెట్లో ఇంకా చిక్కబడుతుంది. దాన్ని పాలకూర మడిలో వేస్తే? ఆకుకూరలు కాడ్మియాన్ని ఇట్టే లాగేస్తాయి. చెరువులో ఉన్నదాన్ని మనమే కంచంలోకి తెచ్చుకున్నట్టు.

ఒకే మొక్క అన్ని లోహాల పనీ పట్టదు కూడా. ఆర్సెనిక్‌ను ఆకుల్లో దాచుకునే ఫెర్న్ ఒకటుందని 2001లో తేలింది, చైనీస్ బ్రేక్ అంటారు. దాన్ని తెచ్చి మన బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యాలోని క్రోమియం మీదికి వదిలితే అదే ఫలితం వస్తుందన్న గ్యారంటీ లేదు.

డ్రమ్ము సంగతి రెండు ముక్కల్లో: తాగే నీళ్ళలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని మన ప్రమాణం. అది కంటికీ నాలుకకీ తెలిసేది కాదు, ల్యాబ్‌లో కొలిపించాల్సిందే. మరిగించినా లాభం లేదు. నీరు ఆవిరైపోతుంది, సీసం మిగిలిపోతుంది.

చెరువు గట్టున ఊరికే ఇస్తున్నారని ఎరువు తెచ్చుకున్నవాళ్ళు పరీక్ష చేయించేదాకా క్రోటన్ కుండీలకే వాడండి. తోటకూర, కొత్తిమీర కుండీల జోలికి తీసుకెళ్ళొద్దు.