ఖర్జూరం ఐరన్ మాత్ర కాదు

ఆ మెసేజ్ ఈ వారంలో నాకు నాలుగు గ్రూపుల్లో వచ్చింది. "రోజూ పరగడుపున నానబెట్టిన డ్రై ఫ్రూట్స్ తినండి, డాక్టరుతో పనే ఉండదు" అని మొదలవుతుంది. కింద ఆరు పాయింట్లు, చివర "కనీసం పదిమందికి పంపండి". పంపినవాళ్ళంతా నావాళ్ళే, మంచి కోరే పంపారు. అయినా ఈసారి ఊరుకోలేను.

అక్రోటు మెదడు ఆకారంలో ఉంటుంది కాబట్టి జ్ఞాపకశక్తి పెంచుతుందట. ఆకారానికీ గుణానికీ సంబంధం లేదు.

బంగారు రంగు కిస్మిస్ నల్లదానికంటే స్వచ్ఛమైనదట. ఆ రంగు నిలవడానికి సాధారణంగా సల్ఫర్ డయాక్సైడ్ పట్టిస్తారు. ఉబ్బసం ఉన్న కొందరికి అది పడదు.

"పండులోది సహజమైన చక్కెర, షుగర్ ఉన్నవాళ్ళు ఎంతైనా తినొచ్చు." తినకూడదు. వంద గ్రాముల ద్రాక్షలో చక్కెర 16 గ్రాముల దాకా ఉంటుంది. నీళ్ళు పోయి కిస్మిస్ అయ్యాక వంద గ్రాములకు అది 60 దరిదాపుల్లోకి వస్తుంది. గుప్పెడు నోట్లో వేసుకుంటే నాలుగు చెంచాల పంచదార తిన్నట్టే. పీచు ఉంటుంది కాబట్టి పంచదారంత వేగంగా ఎక్కదు, నిజమే. స్వీటు మానేసి రెండు ఖర్జూరాలు తింటానంటే నేను అడ్డు చెప్పను. నా తగాదా ఆ "ఎంతైనా"తోనే.

నన్ను నిద్రపోనివ్వనిది నాలుగోది: "రోజూ మూడు ఖర్జూరాలు తింటే రక్తం పడుతుంది, గర్భిణులకు ఐరన్ మాత్రలు అక్కర్లేదు."

మా చిన్నాన్న కోడలికి ఏడో నెల. హిమోగ్లోబిన్ 8.4. ఆశా కార్యకర్త ఇచ్చిన ఐరన్ మాత్రల్లో కొన్నే వేసుకుంది, మిగతావి అట్టల్లోనే అలమారాలో ఉన్నాయి. "అవి వేసుకుంటే వికారం వదినా, విరేచనం కూడా నల్లగా అవుతోంది. అందుకే ఖర్జూరం తింటున్నా" అంది. ఆ మెసేజ్ చూపించింది కూడా.

లెక్క వేయండి. వంద గ్రాముల ఖర్జూరంలో ఐరన్ సుమారు ఒక మిల్లీగ్రాము. మూడు పళ్ళు కలిపితే పాతిక గ్రాములు, అంటే పావు మిల్లీగ్రాము. గర్భిణికి రోజుకు 27 మిల్లీగ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చెబుతోంది. ఖర్జూరంతోనే తెచ్చుకోవాలంటే రోజుకు రెండున్నర కిలోల పైనే తినాలి! సర్కారు ఉచితంగా ఇచ్చే ఆ చిన్న మాత్రలో 60 ఉంటుంది. విరేచనం నల్లబడేది ఒంటికి పట్టని ఐరన్ వల్ల, దానికి భయం అక్కర్లేదు. వికారంగా ఉంటే రాత్రి అన్నం తిన్నాక వేసుకోవచ్చు. టీ, పాలు, కాల్షియం మాత్ర దాంతో కలపకూడదు. ఇవన్నీ ఆ పిల్లకు ఎవరూ విడమరచి చెప్పలేదు, ఖర్జూరం సంగతి మాత్రం అందరూ పంపారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. రక్తం లేని ఒంటికి కాన్పులో ఇంకాస్త రక్తం పోతే ఏమవుతుందో ఆ వాక్యం రాసినవాళ్ళు ఒక్క క్షణమైనా ఆలోచించారా? ముందుకు తోసిన మనం ఆలోచించామా?

ఐదోది, కిస్మిస్ కిడ్నీలను కడుగుతుందని. బాగున్న కిడ్నీకి ఏ కడుగుడూ అక్కర్లేదు. పాడైన కిడ్నీకి ఇది ప్రమాదం. వంద గ్రాముల కిస్మిస్‌లో పొటాషియం 700 మిల్లీగ్రాములు దాటుతుంది. కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే రక్తంలో పేరుకుపోయి గుండె లయ తప్పుతుంది. ఈ మెసేజ్ శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలోని మా బంధువుల గ్రూపులో కూడా తిరుగుతోంది. డయాలసిస్‌కు వెళ్ళేవాళ్ళున్న ఇళ్ళు అవి. దయచేసి అక్కడికి పంపకండి.

ఆరోది, ఎండు పళ్ళు తింటే మలబద్ధకం తగ్గుతుందని. ఇదీ కొట్టిపారేద్దామనే చదివాను, కానీ ఇది నిజం. 2011లో అమెరికాలోని అయోవాలో చేసిన పరిశోధనలో ఎండబెట్టిన ప్లమ్ పళ్ళు, అదే ప్రూన్స్, ఇసబ్‌గోల్ కంటే బాగా పనిచేశాయి. వాటిలోని సార్బిటాల్ అనే తీపి పదార్థం పేగుల్లోకి నీటిని లాగుతుంది. నిన్ననే మా నాన్నగారికి ఒక డబ్బా తెప్పించాను.