హుయాన్‌త్సాంగ్‌కి స్లాట్ దొరకదు

చైనాలో సంచీ భుజాన వేసుకుని ఎటు తోస్తే అటు తిరిగి రావాలనుకునే వారికి ముందుగా ఒక విన్నపం. ఆ దేశంలో తోచడానికి కూడా వేళలున్నాయి. బీజింగ్‌లో చక్రవర్తుల పాత కోట ఫర్బిడెన్ సిటీ చూద్దామని మీకు తోచవలసిన సమయం వెళ్ళే తేదీకి ఏడు రోజుల ముందు, అక్కడి గడియారంలో రాత్రి 8 గంటలు. మన గడియారంలో సాయంత్రం 5:30. సరిగ్గా అప్పుడు పాస్‌పోర్టు నంబరు నోట్లో, వేలు తెర మీద ఉంటే మీరు స్వేచ్ఛా విహారులు. సెలవుల కాలంలో ఓ పది నిమిషాలు ఆలస్యంగా తోచిందా, కోట చుట్టూ ఉన్న కందకానికి ప్రదక్షిణ చేసి రావడమే. సోమవారం వెళ్దామని తోస్తే ఎవరూ చేయగలిగింది లేదు. ఆ రోజు కోటకు సెలవు.

ఇది అన్యాయమని గునిసేవాళ్ళున్నారు. ఈ వ్యాసకర్త ఆ పక్షం కాదు. తిరుమల మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు విడుదలైన నిమిషంలో పట్టేసే జాతికి చక్రవర్తిగారి కోట ఒక లెక్కా? అసలు దేశాటనలో స్వేచ్ఛ వల్ల బాగుపడ్డదెవరు? బౌద్ధ భిక్షువు హుయాన్‌త్సాంగ్‌నే తీసుకోండి. ఏడో శతాబ్దంలో పై నుంచి అనుమతి లేకుండానే చైనా సరిహద్దు దాటాడు. తిరుగు టికెట్ లేదు, బస ఎక్కడో తెలీదు. పాత బొమ్మల్లో ఆయన వీపున వెదురు చట్రం సంచీ ఉంటుంది, పైన గొడుగు కూడా. నలందా చాలదన్నట్టు మన కృష్ణ ఒడ్డున ధాన్యకటకం దాకా దిగాడు. ఇల్లు చేరేసరికి 645వ సంవత్సరం వచ్చేసింది. పదహారేళ్ళలో తెచ్చింది 657 గ్రంథాలు. ఈ కాలం కుర్రాడు పదహారు రోజుల్లో అంతకు పదింతలు ఫొటోలు తెస్తున్నాడు. పురోగతి కాక మరేమిటి?

పైగా ఆయన చేతికి మన పాస్‌పోర్టిచ్చి వీసా అర్జీ నింపమంటే మొదటి గంటలోనే కలం పడేస్తాడు. ఏ రాత్రి ఏ ఊళ్ళో, ఏ హోటల్లో పడుకుంటావో, ఏ విమానంలో దిగి ఏ విమానంలో పోతావో ముందే చూపించాలి. "దారిలో కనుక్కుంటా" అనే గడి అందులో లేదు. ఇది రాసే నాటికి వీసా లేకుండా రానిచ్చే దేశాల పట్టికలో మనం లేము. అమెరికా పాస్‌పోర్టున్న మనవాళ్ళకు మాత్రం వీసా లేకుండా 240 గంటలుండే వెసులుబాటుంది, దానికీ ఒక తిరకాసు. వచ్చిన దేశానికే తిరిగిపోతే చెల్లదు, మూడో దేశానికి పోవాలి. డాలస్ నుంచి బీజింగ్ వెళ్ళి మళ్ళీ డాలస్ అంటే వీసా కావాలి. డాలస్, బీజింగ్, అక్కణ్ణుంచి హైదరాబాద్ అంటే అక్కర్లేదు. సంక్రాంతికి ఇంటికొచ్చే కొడుకు చైనా గోడ చూసి మరీ రావాలని పక్క దేశపు ప్రభుత్వం కోరుకుంటోంది. అమ్మానాన్నలు దీన్ని గుర్తించాలి.

దిగాక 24 గంటల్లో మీరెక్కడున్నారో పోలీసులకు తెలియాలి. హోటలైతే పాస్‌పోర్టు చూసి వాళ్ళే ఎక్కిస్తారు. అక్కడ వైద్యం చదివే మేనల్లుడి గదిలో దిగితే మాత్రం స్టేషనుకు స్వయంగా వెళ్ళి నమోదు చేయించుకోవాలి.

ఇక డబ్బు. అలిపిరి మెట్లెక్కినవాళ్ళకు అక్కడి చెల్లింపుల యాప్ అలీపే ఎంత అనుకోవద్దు. అలిపిరిలో మెట్లు 3,550, ఎక్కేకొద్దీ తగ్గుతాయి. అలీపేలో అలా ఉండదు. ఆ పని ఇంట్లో ఉండగానే ముగించాలి. పాస్‌పోర్టు ఫొటో ఎక్కించి, ముఖం చూపించి, వీసా కంపెనీ కార్డో మాస్టర్‌కార్డో జతచేసి, బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీల మీట నొక్కాలి. చాలామంది మరిచేది ఈ మీటే. రెండోది, ఓటీపీ వచ్చేది మన సిమ్‌కే కాబట్టి దాన్ని రోమింగ్‌లో బతికించి ఉంచాలి. ఒక్క చెల్లింపు 200 యువాన్లు దాటితే విదేశీ కార్డుకు 3 శాతం రుసుము పడుతుంది. 380 యువాన్ల బిల్లును రెండు 190లుగా కొట్టమంటే చాలాచోట్ల కాదనరు. వీచాట్ పే కూడా సిద్ధంగా ఉంచుకోవాలి, ఒకటి అలిగినప్పుడు రెండోదన్నా పలుకుతుంది. నోట్లు చట్టప్రకారం చెల్లుతాయి. కాకపోతే వంద నోటు ఇస్తే చిలగడదుంపలు కాల్చే అవ్వ దగ్గర చిల్లర ఉండదు, జాలి ఉంటుంది.

టికెట్టు, డబ్బు, దారి, దుబాసీ అన్నీ ఫోన్లోనే. చైనాలో ఫోను ఆరిపోయిన బ్యాక్‌ప్యాకర్ గోత్రం మరిచిన పెళ్ళికొడుకు లాంటివాడు. ఇందుకూ ఏర్పాటుంది. వీధి వీధినా దుకాణాల్లో పవర్‌బ్యాంకులు అద్దెకిస్తారు. తీసుకోవాలంటే ఫోనుతో స్కాన్ చేయాలి. ఈ ఏర్పాటులోని లోతు అర్థమయ్యేసరికి తెల్లారుతుంది. సొంతది తీసుకెళ్తారా, దాని మీద 3సీ అనే చైనా ధ్రువీకరణ ముద్ర ఉందో లేదో చూసుకోండి. 2025 జూన్ 28 నుంచి ఆ ముద్ర లేని పవర్‌బ్యాంకును దేశీయ విమానాల్లోకి రానివ్వడం లేదు. మనూళ్ళో కొన్నవాటి మీద అది ఉండడం అరుదు. మొదటి మజిలీలోనే బుట్టలో పడిపోతుంది.

గూగుల్, వాట్సాప్, యూట్యూబ్ అక్కడి వైఫైలో తెరుచుకోవు. మన కంపెనీ రోమింగ్ డేటా మనూరి మీదుగా తిరిగొస్తుంది కాబట్టి దాని మీద సాధారణంగా పలుకుతాయి. అయినా గూగుల్ మ్యాపును నమ్మి నడవొద్దు. చైనా పటాలు తమ సొంత అక్షాంశ రేఖాంశాలు వాడతాయి. వాటికీ మన జీపీఎస్‌కీ వందల మీటర్ల తేడా. నడిరోడ్డు మీద నిలబడిన మిమ్మల్ని పటం చెరువులో నిలబెడుతుంది. ఈత రానివాళ్ళు అక్కడి మ్యాపు యాప్ గావ్‌దే వేసుకోవాలి.

రైళ్ళ విషయంలో మాత్రం వ్యంగ్యానికి చోటు తక్కువ, బాగుంటాయి. టికెట్లు పదిహేను రోజుల ముందు వదులుతారు, రైల్వేవారి 12306 యాప్‌లో పాస్‌పోర్టు పరిశీలన పూర్తయితేనే ఇస్తారు. ఆ పరిశీలన ఒక్కోసారి రోజు పడుతుంది, ముందే చేసుకోవాలి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే కొట్టాలి. ఇంటిపేరూ తాతపేరూ కలిపి మూరెడు పొడుగున్న మనవాళ్ళు ఓపిక పట్టాలి. గేటు మూడు నుంచి ఐదు నిమిషాల ముందే మూసేస్తారు. కదిలే బండిని పరుగెత్తి ఎక్కే కళ ఇక్కడ పనికిరాదు. స్థానికులు కార్డు ఆనించి పోతుంటే, పాస్‌పోర్టువాళ్ళు చాలాచోట్ల మనిషి కూర్చున్న పక్క వరుసలోకి పోవాలి. బీజింగ్‌లో పడమర స్టేషను వేరు, దక్షిణం వేరు, ఏ మాటా లేని ఉత్త బీజింగ్ స్టేషను వేరు. సికింద్రాబాద్‌కి పోవలసినవాడు కాచిగూడకు పోయినట్టవుతుంది. రాత్రి ప్రయాణానికి హార్డ్ స్లీపర్ ఎక్కండి. పేరుకే హార్డ్, పరుపుంటుంది. ఆరు బెర్తులు, తలుపు ఉండదు, పై బెర్తులో నిటారుగా కూర్చోలేరు. ప్రతి పెట్టెలో మరిగే నీళ్ళుంటాయి. కప్పు నూడుల్స్ తప్ప మరో ఆశ పెట్టుకోకపోతే ప్రయాణం సుఖంగా సాగుతుంది.

ఇక చూడవలసినవి. బీజింగ్ దగ్గరి ముతియన్‌యులో చైనా గోడ ఎక్కి, దిగేటప్పుడు ఆరో బురుజు నుంచి జారుడుబండి మీద దిగొచ్చు. మీట ముందుకు నెడితే వేగం, వెనక్కి లాగితే బ్రేకు. ఇబ్బంది మీటతో కాదు, ముందు జారే పెద్దమనిషితో. ఆయన బ్రేకు వదలడు. దండయాత్రలను ఆపడానికి కట్టిన గోడ పక్కన ఇరవై మంది ఒకడి వెనక బారులు తీరతారు. వానపడితే జారుడే ఉండదు. గుయిలిన్ దగ్గర లి నది మీద "వెదురు తెప్ప" ఎక్కిస్తారు. వంగి చూస్తే పీవీసీ గొట్టాలు, వెనక మోటారు. ఇరవై యువాన్ల నోటు వెనక ఉన్న కొండలు మాత్రం అసలువే. నీటికాకితో, లాంతరుతో సాయంత్రం తెప్ప మీద నిలబడే తెల్లగడ్డం తాత చేపలు పట్టడం లేదు, ఫొటోలకు కూలి తీసుకుంటున్నాడు. అక్టోబర్ 1 నుంచి 7 దాకా మాత్రం ఏ కొండకీ పోవద్దు. ఆ వారం దేశమంతా బ్యాక్‌ప్యాకరే.

యునాన్‌లో పులి దూకిన లోయ అని ఒకటుంది. పులి లేదు, దూకిందన్న కథ ఉంది. పై దారిన రెండు రోజుల నడక. మొదటి రోజే ఇరవై ఎనిమిది మలుపుల ఏటవాలు. అది మొదలవ్వక ముందే ఒకాయన గుర్రంతో వెనక తగులుకుంటాడు. అడగడు, పిలవడు. మెడ గంట మోగిస్తూ మీ ఆయాసం వింటూ వస్తాడు. ఏ మలుపులో లొంగుతారో ఆయనకు మీకంటే ముందే తెలుసు. పొద్దున్నే బయల్దేరి, సంచీ ఎనిమిది కిలోలు మించకుండా, రెండు లీటర్ల నీళ్ళతో నడిచేవాళ్ళు ఆయన వృత్తికి ద్రోహం చేస్తున్నట్టే.

జంతువుల సంగతికొద్దాం. పాండా అంటే చెంగ్‌డూ పరిశోధన కేంద్రం. మెట్రో మూడో లైనులో పాండా అవెన్యూ దగ్గర దిగాలి. గేటు 7:30కి తెరుస్తారు, మీరు 7:15కే ఉండాలి. పొద్దున మేత వేళే అవి కదిలేది. రోజుకు పన్నెండు కిలోల పైచిలుకు వెదురు నములుతాయి, అందులో ఐదో వంతు కూడా వంటబట్టదు. అందుకే తింటాయి, లేదంటే పడుకుంటాయి. ఎండ ముదిరితే లోపల ఏసీలోకి చేరుస్తారు. పది గంటలకు తీరుబడిగా వచ్చినవాడికి కనిపించేది ఒక నల్లటి వీపు. అక్కడ హువాహువా అనే పాండా తార ఉంది. ఆమె కోసం గంటల కొద్దీ వరుస, దగ్గరికొచ్చాక రెండు మూడు నిమిషాల దర్శనం, ఆపై "కదలండి, కదలండి". తెలుగువాళ్ళకు భాష రాకపోయినా ఆ మాట అర్థమవుతుంది. లడ్డూ ఒక్కటే లోటు.

అడవిలో పాండాను చూస్తానని బయల్దేరేవాళ్ళ పట్టుదల మెచ్చదగినదే. నాలుగో గణనలో తేలినవి 1,864. అవన్నీ మనిషి వాసనకు దూరంగా, నిటారు వాలుల్లో, దట్టమైన వెదురులో ఉంటాయి. ఆ ఓపికను ఎర్ర పాండా మీద పెట్టండి. సిచువాన్‌లో లాబాహె అనే చోట అక్టోబర్ చివర, నవంబర్‌లో ఆకు రాలి పళ్ళు మిగిలిన చెట్ల మీదికి వస్తుంది, రోడ్డు మీంచే కనిపిస్తుంది. కొంగల్లా కనిపించే తెల్లటి సైబీరియా క్రేన్లు దాదాపు అన్నీ చలికాలం పోయాంగ్ సరస్సుకే చేరతాయి. వాటిని చూసేందుకు తోసుకునేవాళ్ళు లేరు, వాటికి ముద్దుపేర్లు పెట్టలేదు గనక. ఎమెయ్ కొండ కోతుల్ని వెతకనక్కర్లేదు, అవే వెతుక్కుంటూ వస్తాయి. కవరు చప్పుడైతే చాలు. ఖాళీ చేతులు విప్పి చూపించి, కళ్ళలోకి చూడకుండా నడవాలి. శ్రీశైలంలో చదువుకున్న విద్య అక్కడ పూర్తిగా పనికొస్తుంది.

తిండి దగ్గర గుంటూరు గర్వం కాస్త దాచుకోండి. సిచువాన్ మిరియం కారం కాదు, తిమ్మిరి. నాలుక మొద్దుబారాక మిరపకాయ ఎంత పడిందో తెలియదు. శాకాహారులు మాపో టోఫు చూసి మురిసిపోవద్దు, అందులో కైమా ఉంటుంది. "మాంసం, చేప, కోడి రసం, ఏవీ వద్దు" అని చైనీస్‌లో రాసిన చీటీ ఫోన్లో పెట్టుకోండి. "మాంసం వద్దు" అంటే ముక్కలు తీసేసి తెస్తారు. బౌద్ధాలయాల పక్కన భోజనశాలలుంటే అదృష్టం. మరుగుదొడ్లలో నేల మీదివే ఎక్కువ కాబట్టి మనకు ఇబ్బంది లేదు. చెంబు ఉండదు, కాగితమూ ఉండదు, జేబులో మోసుకెళ్ళాలి. 2017లో బీజింగ్ స్వర్గాలయ ఉద్యానంలో ముఖం చూపిస్తే 60 సెంటీమీటర్ల కాగితం ఇచ్చే యంత్రాలు పెట్టారు. అదే ముఖానికి మళ్ళీ కావాలంటే తొమ్మిది నిమిషాలు ఆగాలి. అత్యవసరం అనే మాటకు కొత్త నిర్వచనం కావాలనుకునేవారు అక్కడ కాసేపు నిలబడి చూడాల్సింది.

ఇన్ని నియమాల మధ్య ఈ మధ్యకాలంలో బుకింగ్ లేకుండా చైనా చూసిన బృందం ఒక్కటే. యునాన్ దక్షిణాన షీషువాంగ్‌బాన్నా నుంచి 2020లో బయల్దేరిన ఏనుగుల గుంపు. ఐదు వందల కిలోమీటర్లు పైగా నడిచి, 2021 జూన్‌లో కున్‌మింగ్ శివార్లకు చేరింది. పొలాల్లో భోంచేసింది, ఊళ్ళలో వీధులు చూసింది. 24 గంటల నమోదు పని డ్రోన్లే చూసుకున్నాయి. దారి మళ్ళించడానికి ముందు ముందు మొక్కజొన్న, అనాస పోసి పెట్టారు. ఆగస్టులో ఇంటి దారి పట్టింది. తొండం, నాలుగు కాళ్ళు, మూడు టన్నుల బరువు ఉన్నవారు ఈ పద్ధతి ప్రయత్నించవచ్చు.

మిగిలినవారు షియాన్‌లో పెద్ద హంస గోపురం దగ్గర ఆగండి. హుయాన్‌త్సాంగ్ తెచ్చిన గ్రంథాల కోసం 652లో కట్టారు. పైకెక్కడానికి టికెట్టుంది. దక్షిణాన చౌకులో ఆయన కంచు విగ్రహం చేతికర్రతో నిలబడి ఉంటుంది. దాని దగ్గర నిలబడడానికి ఇంకా స్లాట్ పెట్టలేదు.