పన్నెండున్నర తరువాత: ఒక అత్తాకోడళ్ళ వాదం

ఏటా మార్చి 15 ప్రాంతంలో మన బడులు ఒంటిపూటకు మారతాయి. ఉదయం ఎనిమిదికి మొదలై పన్నెండున్నరకు ముగిసే ఈ ఏర్పాటు ఏప్రిల్ 23, 24 దాకా సాగుతుంది. చిన్నపిల్లలున్న ఇళ్ళలో వసంతం కోయిల కూతతో కాక ఈ గంట మార్పుతోనే మొదలవుతుందని నా అభిప్రాయం. మా బాబు రెండో తరగతి చదువుతున్నాడు. పాపకు నాలుగేళ్ళు ఇంకా నిండలేదు. మా అమ్మ మధిర దగ్గరి పల్లె నుంచి వచ్చి మూడేళ్ళుగా కూకట్‌పల్లిలో మాతో ఉంటోంది. నా భార్య బ్యాంకు ఉద్యోగం ముగించుకొని సాయంత్రం ఆరున్నరకు గాని ఇల్లు చేరదు. పిల్లలిద్దరినీ రోజూ రెండు నుంచి ఐదు గంటల వరకు ఒక శిక్షణ కేంద్రానికి పంపాలని ఆమె, పంపవద్దని అమ్మ, ఈ ఏడాది ఉగాదికి ముందు ఆదివారం ఎదురెదురుగా కూర్చొని వాదించుకొన్నారు. ఇద్దరూ మనసులో ఉన్నదే పలికారు కనుక, ఆ మాటలను వ్రాతకు తగినట్లు కొద్దిగా సరిచేసి ఇక్కడ ఉంచుతున్నాను.

కోడలు: అత్తయ్యా, ముందు లెక్క చెబుతాను. బడి వదిలాక పిల్లలు ఒంటిగంటకు ఇంటికి చేరతారు, నేను వచ్చేసరికి ఆరున్నర అవుతుంది. ఈ ఐదున్నర గంటలూ మూడో అంతస్తులో, ఎండకు తలుపులు మూసిన రెండు గదుల్లో, ఇద్దరు పిల్లలతో మీరు ఒక్కరే గడపాలి. నిరుడు ఏం జరిగిందో మనిద్దరికీ తెలుసు. మొదటి వారం కథలతో, రెండో వారం అష్టాచెమ్మాతో గడిచింది, మూడో వారానికి ఫోను వచ్చింది. ఏప్రిల్ నెలాఖరుకు ఎదురుగా ఫోను లేనిదే పాప ముద్ద మింగలేదు. ఈ వయసు పిల్లలు రోజుకు గంటకు మించి తెర చూడకూడదనీ, అంతకంటే తక్కువైతే ఇంకా మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మన పాప మూడు గంటలు చూసింది. ఆ కేంద్రంలో బొమ్మలు గీయిస్తారు, పాటలు నేర్పుతారు, తోటి పిల్లలు ఉంటారు, ఫోను మాత్రం ఉండదు. నాకు అంతకంటే ఏమీ అక్కరలేదు.

అత్తగారు: ఫోను సంగతి నేను కాదనను అమ్మాయీ. నా చేతులతోనే పెట్టాను, ఆ తప్పు నాదే. అయితే ఒక్క మాట ఆలోచించు. ప్రభుత్వం బడిని ఒంటిపూట ఎందుకు చేసింది? మిట్టమధ్యాహ్నపు ఎండ పిల్లల ఒంటికి పడదనే కదా. ఒంటిగంటకు చెమటతో వచ్చిన పిల్లకు నాలుగు ముద్దలు పెట్టి, కన్ను మూతపడే వేళకు లేపి, జడ దువ్వి, మళ్ళీ ఆటో ఎక్కించి, మరో గదిలో మరో పంతులమ్మ ఎదుట కూర్చోబెడితే, ఆ ఒంటిపూట దానికి దక్కినట్లేనా? బడికి ఒంటిపూట వచ్చింది గాని, పిల్లకు రెండు పూటలూ బడే మిగిలింది. నువ్వు చెప్పిన ఆ సంస్థవాళ్ళు నిద్ర గురించి ఏమీ చెప్పలేదా?

కోడలు: చెప్పారు. మూడు నాలుగేళ్ళ పిల్లలకు పగటి కునుకుతో కలిపి పది నుంచి పదమూడు గంటల నిద్ర కావాలన్నారు. మనం ఉదయం ఆరింటికే లేపుతున్నాం కనుక మధ్యాహ్నపు నిద్ర అవసరమేనని ఒప్పుకొంటాను. కానీ నిద్ర మాట మీరే ఎత్తారు కాబట్టి, ఇన్నాళ్ళూ నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట ఈరోజు చెప్పేస్తాను, మీరు మరోలా అనుకోవద్దు. నిరుడు ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం మీరు పాపను పడుకోబెడుతూ మీరే నిద్రపోయారు. బాబు లోపలి గదిలో ఫోను చూస్తున్నాడు. పాప లేచి, పీట జరుపుకొని ఎక్కి, గడియ తీసి, మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళింది. వాచ్‌మన్ భార్య ఆరేసిన బట్టలు తీయడానికి పైకి వెళ్ళి చూసేసరికి, పిట్టగోడ నీడలో జానెడు చోట నిలబడి, ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తుకొంటూ ఏడుస్తోందట. ఆ రాత్రి నేను దాని పాదాలకు వెన్న రాస్తుంటే అరికాళ్ళు రెండూ మోదుగపువ్వులా ఉన్నాయి. అప్పుడు మిమ్మల్ని ఒక్క మాట అనలేదు, ఇప్పుడూ అనడం లేదు. మోకాళ్ళ నొప్పికి మాత్ర వేసుకొన్న మనిషి మధ్యాహ్నం నిద్రపోవడం నేరం కాదు. ఆ మనిషి మీద ఇద్దరు పిల్లలను వదిలి వెళ్ళడమే నేరం. అది నేను చేశాను, మళ్ళీ చేయదలచుకోలేదు.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఆమె ముందు చేటలో ఆ ఉదయం రాలిన వేపపువ్వు ఉంది. దానిలోంచి పుల్లలు ఏరుతూ ఏరుతూ ఆగి, మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది. పాప డాబా మీద దొరికిందని మాత్రమే నాకు తెలుసు. అరికాళ్ళ సంగతి నేను ఆ రోజే మొదటిసారి విన్నాను.

అత్తగారు: ఆ మధ్యాహ్నం నేను మరచిపోలేదు. ఆ తరువాత పగలు నడుము వాల్చడం మానేశాను, అది నీకు తెలియదు. నా వయసును కాదని నేను వాదించను. నేను అడుగుతున్నది మరొకటి. ఈ నలభై రోజులు తప్పితే పిల్లలకు కొన్ని పనులు మళ్ళీ ఏడాది దాకా దొరకవు. ఈ ఏడు అధిక జ్యేష్ఠం ఉంది కనుక ఉగాది ముందే, మార్చి 19నే వస్తోంది. వేప ఇప్పుడిప్పుడే పూస్తోంది. ఈరోజు పొద్దున ఆరున్నరకు డాబా మీదికి వాలిన కొమ్మ కింద పాత దుప్పటి పరిచి, నేను కొమ్మ ఊపాను. ఇద్దరూ పువ్వు పోగుచేశారు. ఇది రెండు రోజులు నీడన ఆరాలి. తరువాత చేటతో చెరిగితే పువ్వు ఒక పక్కకు, కాడలు ఒక పక్కకు చేరతాయి. పాప చెరగలేదు, పువ్వంతా నేల మీద పోస్తుంది. పోయనీ. రేపు చింతచిగురు తెస్తాను. అరచేతుల మధ్య వేసి నలుపుతుంటే చిగురు పొడిగా రాలి ఈనెలు చేతిలో మిగులుతాయి. ఆ నలపడం బాబుకు నిరుడే వచ్చింది. వాడు నలిపిన చిగురుతో చేసిన పప్పు వాడే రెండుసార్లు అడిగి వేయించుకొన్నాడు, అప్పుడు ఎదురుగా ఏ ఫోనూ లేదు. చేతికి పని ఉన్నంతసేపు పిల్లలు ఫోను అడగరు. చేతికి పని ఇవ్వకపోవడం నా లోపం, అది సరిదిద్దుకోగలను.

కోడలు: మీరు చెబుతుంటే నాకూ మా అమ్మమ్మ వాళ్ళ పెరడు కళ్ళ ముందుకొస్తోంది. కానీ చిగురు నలపడం అరగంట పని, పువ్వు ఏరడం పొద్దుటి పని. ఒంటిగంటకు భోజనం, రెండున్నరకు నిద్ర, నాలుగింటికి లేవడం అనుకొంటే, నాలుగు నుంచి ఆరున్నర వరకు ఏం చేస్తారు? మీ ఊళ్ళో మీ అబ్బాయి పెరిగిన వాకిలి ఇక్కడ లేదు. అక్కడ పిల్లవాడు గడప దాటితే వీధంతా వాడిదే. ఇక్కడ గడప దాటితే మెట్లు, మెట్లు దిగితే కార్లు నిలిపే చోటు, దాని పక్కనే మూత సరిగా పడని సంపు. పిల్లలను వాళ్ళ పాటికి వదిలేయాలని ఈమధ్య చాలామంది చెబుతున్నారు. ఎక్కడ వదలాలో ఒక్కరూ చెప్పడం లేదు.

అత్తగారు: వాళ్ళ పాటికి వదిలేశారని మా వాకిలి గురించి అనుకోకు. అది మగవాళ్ళు చెప్పుకొనే మాట. వాళ్ళు పొలం నుంచి వచ్చేసరికి పిల్లలు ఆడుకొంటూ కనబడేవారు కనుక, వాళ్ళంతట వాళ్ళే ఆడుకొన్నారని అనుకొన్నారు. వేపచెట్టు కింద మంచం మీద మా అత్త, పొయ్యి దగ్గర నేను, గాబు దగ్గర తోడికోడలు, ఎదురింటి అరుగు మీద ఇంకో ఇద్దరు ముసలమ్మలు ఉండేవారు. ఏ పని చేస్తున్నా ఒక కన్ను పిల్లల మీదే ఉండేది. అంతమంది ఉండి కూడా మా ఆడపడుచు కొడుకు గడ్డివాము మీది నుంచి దూకి చేయి విరగ్గొట్టుకొన్నాడు. నువ్వు అంటున్నది నిజమే, అయిదుగురు చూసినదాన్ని నేను ఒక్కదాన్ని చూడలేను.

కోడలు: నేనూ అదే అంటున్నాను కదా అత్తయ్యా. అందుకే కేంద్రం.

అత్తగారు: కాదు. ఒక్కదాన్ని చూడలేనంటే రెండో మనిషి కావాలని అర్థం. ఇందాకటి నుంచి ఈ ఐదున్నర గంటలు నీ మెడకా, నా మెడకా అని తేల్చుకొంటున్నాం. వాళ్ళ నాన్న ఇక్కడే కూర్చొని ఉన్నాడు. వాడి మధ్యాహ్నం గురించి నువ్వు ఒక్క మాట అడగలేదేం?

కోడలు: అడగాలని తోచలేదని అనను. మీ ఎదుట అడిగితే, కొడుకును ఉద్యోగం మానిపించి ఇంట్లో కూర్చోబెడుతోందని మీరు బాధపడతారేమోనని ఆగాను.

అత్తగారు: బాధపడేదాన్నే, పదేళ్ళ కింద అయితే. డాబా మీది సంగతి తరువాత పడను.

ఇక్కడ నేను కల్పించుకోక తప్పలేదు. మా కార్యాలయంలో వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని చేసుకొనే వీలుంది. ఆ రెండు రోజులు నేను గది తలుపు వేసుకొని, పిల్లలను ఇటు రానివ్వవద్దని అమ్మకు చెప్పి పని చేసుకొనేవాణ్ణి. మంగళ, గురువారాలు ఒంటిగంట నుంచి నాలుగు వరకు పిల్లలు నా దగ్గర ఉంటారనీ, మిగిలిన పని రాత్రి పూర్తి చేసుకొంటాననీ చెప్పాను. వాదం అంతటితో ముగియలేదు.

కోడలు: రెండు రోజులు సరే, మిగిలిన మూడు రోజులు అలాగే ఉన్నాయి. బాబును పంపుదాం. వాడికి బొమ్మలు గీయడం నిజంగా ఇష్టం, పైగా ఈ అపార్ట్‌మెంట్లో వాడి ఈడు పిల్లలు లేరు. వసంతమంటే వేపపువ్వు ఒక్కటే కాదు, వాడికి స్నేహితులు కూడా కావాలి.

అత్తగారు: వాడిని పంపు, కానీ రెండింటికి కాదు. అయిదింటి తరగతి ఉందో లేదో కనుక్కో. ఎండ తగ్గాక నేనూ పాపా నడిచి వెళ్ళి దింపి, అక్కడి పార్కులో కూర్చొని తీసుకువస్తాం. పిల్లలు రోజూ కొంతసేపు ఆరుబయట వెలుతురులో ఉంటే దూరపు చూపు తగ్గే ముప్పు తక్కువని కంటి వైద్యులు చెబుతున్నారని నిన్న నువ్వే చదివి వినిపించావు. పాపను మాత్రం నేను పంపను.

కోడలు: పాప విషయం నేను ఇంకా ఒప్పుకోలేదు. ఏప్రిల్ మొదటి వారం దాకా చూస్తాను. ఫోను మళ్ళీ దాని చేతికి వెళ్ళిందంటే మరునాడే చేర్పిస్తాను, అప్పుడు మీరు అడ్డు చెప్పకూడదు.

అత్తగారు: చెప్పను. అయితే ఈ సాయంత్రమే వడ్రంగిని పిలిపించు, ఆ గడియ తీయించి తలుపు పైఅంచున బిగించమను. పీట ఎక్కినా దాని చేతికి అందకూడదు.