అమ్మ చేత ఓటీపీ చదివించడం మానుకుందాం

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి వచ్చి ఇక్కడ అమెరికాలో స్థిరపడ్డ మనలో చాలామంది, ఊళ్లో ఉన్న అమ్మానాన్నల బ్యాంకు ఖాతాలను ఇక్కడి నుంచే నడుపుతుంటాం. కరెంటు బిల్లు కట్టాలన్నా, బోరు మోటారు బాగుచేసిన మెకానిక్‌కు డబ్బు పంపాలన్నా, అమ్మ పేరు మీది ఖాతాలోకి మనమే లాగిన్ అయి, వెంటనే ఫోన్ చేసి, "అమ్మా, నీ ఫోన్ల ఆరంకెలు వచ్చినయి సూడు, జర సదివి చెప్పు" అంటాం. ఆమె కళ్లజోడు వెతుక్కుని ఒక్కొక్క అంకె కూడబలుక్కుంటూ చదువుతుంది. ఏళ్ల తరబడి ఇలా చదివించిన మనమే, ఎక్కడైనా మోసం జరిగిందన్న వార్త చూసినప్పుడు "ఎవరడిగినా ఓటీపీ చెప్పొద్దు" అని జాగ్రత్తలు చెబుతాం. ఫోన్‌లో అడిగినవారికి అంకెలు చదివి వినిపించడం ఆమె కన్నబిడ్డల దగ్గరే నేర్చుకున్నది. డబ్బు పోయిన తర్వాత పెద్దవాళ్ల అమాయకత్వాన్ని తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచదు.

ఈ అలవాటుకు చెల్లించే మూల్యం పెద్దది. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో జారీ చేసిన ఆదేశాల ప్రకారం, తప్పు ఖాతాదారుదీ బ్యాంకుదీ కాక మరెక్కడో జరిగినప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లోపు తెలియజేస్తే ఖాతాదారు నష్టపోనక్కర్లేదు. 4 నుంచి 7 పనిదినాల మధ్య తెలియజేస్తే సాధారణ పొదుపు ఖాతాదారు గరిష్ఠంగా 10,000 రూపాయల వరకు భరించాలి. కానీ పిన్నో ఓటీపీయో తానే చెప్పినట్టు తేలితే, బ్యాంకుకు తెలియజేసే క్షణం దాకా పోయిన సొమ్మంతా ఖాతాదారు నెత్తినే పడుతుంది. తెలియజేసిన తర్వాత పోయేదానికి మాత్రమే బ్యాంకు బాధ్యత వహిస్తుంది.

అంటే ఆ తెలియజేయడం ఎంత త్వరగా జరిగిందన్నదే ముఖ్యం. మన ఇళ్లలో ఆలస్యమయ్యేది సరిగ్గా అక్కడే. దేవరకొండలో పొద్దున పదకొండింటికి ఖాతా ఖాళీ అయితే అమెరికాలో అర్ధరాత్రి. కొడుకును నిద్ర లేపడం ఎందుకని నాన్న సాయంత్రం దాకా ఆగుతాడు, చెబితే ఏమంటాడోనన్న భయంతో ఒక్కోసారి రెండు మూడు రోజులు నోరు విప్పడు. కొల్లగొట్టిన సొమ్ము అద్దెకు తెచ్చుకున్న ఖాతాల మీదుగా చేతులు మారి, ఏదో ఊరి ఏటీఎంలో నోట్లయి బయటికి వస్తుంది. ఆ తర్వాత మనం లేచి బ్యాంకుకు ఫోన్ చేయడం, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే ఉంటుంది. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి వెంటనే చేస్తే, సొమ్ము చేరిన ఖాతాను స్తంభింపజేసే అవకాశం ఉంటుంది. ఆ ఫోన్ ఊళ్లోనే, ఆ నిమిషంలోనే వెళ్లాలి. "ముందు 1930కి చెయ్యి నాయినా, నాకు తర్వాత చెప్పు, నేను ఒక్క మాట కూడా అనను" అని ముందే హామీ ఇచ్చి, ఆ మాట మీద నిలబడాలి.

ఖాతాకు జతచేసిన ఫోన్ నంబరు సంగతి కూడా చూసుకోవాలి. చాలా పాస్‌బుక్కులకు మనం దేశం విడిచి వచ్చేటప్పుడు వాడిన సిమ్ నంబరే ఇంకా జతై ఉంటుంది. రీచార్జి లేక మూలపడ్డ నంబరును కంపెనీ కొంతకాలం తర్వాత మరొకరికి కేటాయిస్తుంది. అప్పుడు అమ్మ ఖాతా సందేశాలు ముక్కూమొహం తెలియని మనిషికి చేరతాయి.

నా దృష్టిలో అసలు పరిష్కారం, మనిషి ఎంత మోసపోయినా నష్టం కొద్దిపాటిగానే ఉండేలా ఖాతాలను అమర్చడం. ఇప్పుడు వడ్లు అమ్మిన పైసలు, రైతు భరోసా, మనం పంపేది, ఎకరం అమ్మగా వచ్చింది, అన్నీ ఒకే ఖాతాలో పడి ఉంటాయి. దానికే డెబిట్ కార్డు, దానికే యూపీఐ, దానికే ఆధార్. దీన్ని రెండుగా విడదీయాలి. నెల ఖర్చుకు సరిపడా సొమ్ముండే ఖాతాకే కార్డు, యూపీఐ ఉండాలి. పెద్ద మొత్తం మరో ఖాతాలో ఉండాలి, దానికి కార్డు గానీ, యూపీఐ గానీ, నెట్ బ్యాంకింగ్ గానీ ఉండకూడదు, బ్రాంచికి వెళ్లి ఫారం రాసి తీసుకోవడమే దారి కావాలి. నెట్ బ్యాంకింగ్ ఉంటే ఫిక్స్‌డ్ డిపాజిట్లను కూడా ఆన్‌లైన్‌లోనే రద్దు చేయవచ్చని చాలామందికి తెలియదు. వేలిముద్రతో జరిగే ఆధార్ చెల్లింపుకు కార్డు, పిన్, ఓటీపీ ఏవీ అక్కర్లేదు కాబట్టి, పెద్ద ఖాతాకు ఆ దారిని ఎలా మూయాలో బ్రాంచిలో అడిగి తెలుసుకోవాలి.

కార్డును ఆన్‌లైన్ కొనుగోళ్లకు, విదేశీ వాడకానికి పనిచేయకుండా ఆపే వీలును, పరిమితి పెట్టుకునే వీలును 2020 నుంచి బ్యాంకులన్నీ ఇవ్వాల్సిందే. ఊళ్లో ఏటీఎం నుంచి డబ్బు తీయడానికే వాడే కార్డుకు మిగతావన్నీ ఎందుకు తెరిచి ఉంచాలి? పాస్‌బుక్కు ప్లాస్టిక్ కవరు మీద నీలి సిరాతో రాసి ఉండే నాలుగంకెల పిన్‌ను ఈసారి వెళ్లినప్పుడు మార్పించాలి. ఏటీఎంలో సాయం చేస్తానని వచ్చి కార్డు మార్చేసేవాడికి అంతకన్నా పని తేలిక చేసేది లేదు.

మన బిల్లుల అవసరానికి, ప్రవాస భారతీయులకు ఇండియా బ్యాంకులు ఇచ్చే ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలు ఉండనే ఉన్నాయి. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్, యూఏఈ, సౌదీ వంటి దేశాల ఫోన్ నంబర్లతోనే ఆ ఖాతాలకు యూపీఐ పెట్టుకునే వీలు 2023లో వచ్చింది. బ్యాంకు ఆ సదుపాయం ఇస్తుంటే, అమ్మ ఖాతాలోకి మనం వెళ్లాల్సిన పనే ఉండదు.

మోసగాళ్లకు సందర్భాలు మనమే ఇవ్వనక్కర్లేదు. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఎంతోమందికి ఖాతాలున్న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. ఇటువంటి మార్పు జరిగినప్పుడు "మీ ఖాతా వివరాలు సరిచేసుకోండి" అంటూ వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు వస్తే నమ్మబుద్ధి కావడం సహజం. దాన్ని నొక్కితే ఫోన్‌లోకి చేరే యాప్, అమ్మ ఏమీ చదివి చెప్పకుండానే ఓటీపీలను దొంగలకు పంపగలదు. ఖాతా పనులకు బ్రాంచికే వెళ్లాలన్న ఒక్క నియమం ఇక్కడ సరిపోతుంది.

మన సంఘానికి నాదొక విన్నపం. ఊళ్లలో కంటి శిబిరాలు, ఆరోగ్య శిబిరాలు పెట్టినప్పుడు అచ్చంపేటలోనో, హాలియాలోనో అదే పందిరి కింద ఒక బల్ల వేసి, రిటైరైన బ్యాంకు ఉద్యోగిని ఒకరిని కూర్చోబెట్టాలి. పాస్‌బుక్కుకు ఏ నంబరు జతై ఉందో చూడాలి, కార్డు పరిమితులు తగ్గించాలి, 1930ని ఫోన్‌లో పేరుతో సేవ్ చేయించాలి. అక్కడ కూర్చునేవారు ఎవరి పిన్‌నూ అడగకూడదు, ఎవరి ఫోన్‌నూ చేతిలోకి తీసుకోకూడదు. ఎంత ఆలస్యమైనా సరే, ప్రతి మీటనూ ఆ పెద్దవారి వేలితోనే నొక్కించాలి.