అర్థం కాకుండా రాసి, అవగాహన లేదంటారా?

డాక్టర్ చీటీ చదవగలిగేలా ఉండటం రోగి ప్రాథమిక హక్కులో భాగమని పంజాబ్, హరియాణా హైకోర్టు 2025 ఆగస్టులో తేల్చిచెప్పింది. కంప్యూటర్ చీటీలు వచ్చేదాకా పెద్దక్షరాల్లో రాయమంది. సంతోషమే. కానీ ఆ పెద్దక్షరాలూ ఇంగ్లీషువే. రోజుకు రెండుసార్లు వేసుకోమనడానికి ‘బీడీ’ అని ఎంత పొందికగా రాసినా పాడేరు రోగికి ఒరిగేదేమిటి?

ప్రజల్లో ఆరోగ్య అవగాహన లేదని పాలకులు వాపోని ఏడాది లేదు. సొంత వైద్యం చేసుకుంటున్నారనీ, యాంటీబయాటిక్స్ మధ్యలో మానేస్తున్నారనీ మందలిస్తుంటారు. ఎన్ని రోజులు వాడాలో రోగి భాషలో రాసివ్వని వ్యవస్థకు ఆ మందలించే అర్హత ఎక్కడిది?

2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్ల మందులపై క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. అందులో ఉండాల్సినవి కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, లైసెన్సు నంబరు వగైరా. నకిలీల పని పట్టడానికి పనికొస్తుంది, కాదనం. అన్నానికి ముందా, తర్వాతా? ఒక పూట మరిచిపోతే ఏం చేయాలి? రోగి అడిగే ఈ రెండు ముక్కలూ ఆ జాబితాలో లేవు.

చైనా 2008లోనే పౌరులకు తెలిసి ఉండాల్సిన ఆరోగ్య విషయాలను 66 అంశాలుగా ప్రకటించి, జనానికి ఎంత తెలుసో సర్వేలతో కొలుస్తోంది. 2012లో 8.8 శాతం ఉన్న ఆరోగ్య అక్షరాస్యత 2023 నాటికి 29.7 శాతానికి చేరిందంటోంది. ఆ లెక్కలో కాస్త గొప్పలున్నాయనుకున్నా, లెక్కంటూ ఒకటుంది. అమెరికా 2010లో ఇందుకోసమే జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. 2014లో స్కాట్లాండ్ ఇంకో అడుగు ముందుకేసి, అర్థమయ్యేలా చెప్పే పూచీని ఆస్పత్రుల మీదే పెట్టింది. డాక్టర్ చెప్పింది రోగి తన మాటల్లో తిరిగి చెప్పగలిగితేనే చెప్పినట్టు లెక్క. మన 2017 జాతీయ ఆరోగ్య విధానంలో ఆయుర్దాయానికి లక్ష్యముంది, శిశు మరణాలకు లక్ష్యముంది. రోగికి ఎంత అర్థమవుతోందో కొలిచే లక్ష్యం మాత్రం లేదు.

ఇన్ని భాషల దేశంలో రోగి భాషలో రాసివ్వడం కుదరదనీ, ఓపీలో రద్దీ వల్ల డాక్టర్లకు తీరిక ఉండదనీ అధికారులంటారు. రద్దీ నిజమే. భాషల సాకు మాత్రం చెల్లదు. చదువురాని ఓటరు కోసం తొలి ఎన్నికల్లోనే గుర్తులు పెట్టిన దేశమిది. సంక్షేమ పథకం కరపత్రం ఏ ఊళ్లోనూ ఇంగ్లీషులో పంచరు. ఓటు కావాల్సినప్పుడు దొరికే భాష, మాత్ర మింగాల్సినప్పుడు దొరకదా?

ఢిల్లీ సంగతి అలా ఉంచుదాం. ప్రభుత్వాస్పత్రులకు మందులు కొనేది రెండు తెలుగు రాష్ట్రాల సొంత సంస్థలే. ‘ప్రభుత్వ సరఫరా, అమ్మకానికి కాదు’ అని స్ట్రిప్‌ల మీద ముద్రించాలని కంపెనీలకు షరతు పెట్టడం వాటికి బాగా తెలుసు. మందు పక్కదారి పట్టకుండా అంత జాగ్రత్త పడినవాళ్లకు, వాడే తీరు తెలుగులో ముద్రించాలని అదే టెండర్లో మరో షరతు చేర్చడానికి చేతులెందుకు రావు? ఆ పని చేసేదాకా మంత్రులు అవగాహన సదస్సుల్లో జ్యోతులు వెలిగించి జనానికి సుద్దులు చెప్పడం మానుకుంటే మంచిది.