వీరుడి అంచులు నలగకూడదు

1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎండెన్ మద్రాసు హార్బర్ మీద గుండ్లు కురిపించి, చమురు ట్యాంకులు తగలబెట్టి చక్కాపోయింది. ఊళ్లో జనం మూటాముల్లె సర్దుకుని పరుగో పరుగు. మా జార్జిటౌన్ బాబాయ్ వాళ్ల తాతగారు ఆ ఊపులో నెల్లూరు దాకా వెళ్లారట. ఇప్పుడు అదే ఇంట్లో ఎండెన్ కెప్టెన్ ఫాన్ ముల్లర్ ఫోటో కార్డు వేంకటేశ్వరస్వామి పటం పక్కన కొలువై ఉంది. క్షమాగుణం అంటే ఇదీ!

బాబాయ్ అసలు గురి మాత్రం మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బెర్లిన్‌లో సాంకె అనే ప్రచురణకర్త వేసిన జర్మన్ పైలట్ల ఫోటో కార్డుల మీదే. జర్మనీ అత్యున్నత పతకం పూర్ ల మెరీట్‌ని 1916 జనవరిలో ఇమ్మెల్మన్, బోయెల్కె అందుకునేటప్పటికి ఒక్కొక్కరు ఎనిమిదేసి విమానాలు కూల్చారు. ఏడాది తిరిగేసరికి రిఖ్‌టోఫెన్‌కి పదహారు కావాల్సి వచ్చింది. అన్నా యూనివర్సిటీ కటాఫ్ కూడా ఇంత దారుణంగా పెరగలేదు.

పతకాన్ని చూసి మనిషికి దండం పెట్టడం పామరుల లక్షణం. బాబాయ్ ముందు భూతద్దం పెడతారు. చుక్కలు కనిపించాయా, అది అసలు ఫోటో కాదు, ప్రెస్సులో అచ్చేసిన బొమ్మ. వీరుడికి అక్కడే డిమోషన్. తర్వాత లైట్లార్పి అతినీలలోహిత లైటు వేస్తారు. కార్డు నీలంగా మెరిస్తే ఈమధ్య కాగితం, దొంగ సరుకు. పాత కాగితం మెరవదు. ఎనభై విమానాలు కూల్చిన రిఖ్‌టోఫెన్ అయినా సరే, మూల నలిగితే ఆయన శౌర్యం సగానికి సగం పడిపోతుంది.

మొన్న ఆ చీకట్లోనే పిన్ని ఇమ్మెల్మన్ కార్డు అందుకుంది. "ఏవండీ, కుర్రాడు బావున్నాడు. ఏమయ్యాడు?"

"పాతికేళ్లకే పోయాడు. వేలిముద్ర పడుద్ది, అంచు పట్టుకో."

"అయ్యో, పెళ్లయిందా పాపం?"

ఇన్నేళ్ల సేకరణలో ఆ ఆల్బం ముందు ఎవరైనా అడిగిన తెలివైన ప్రశ్న అదొక్కటే. బాబాయ్ జవాబు చెప్పలేదు. కార్డు మీద సీరీస్ నంబర్ చూసుకుంటున్నారు.

నేను ఊరుకోలేక అడిగాను: "బాబాయ్, 1914 అక్టోబర్‌లో బెల్జియంలో తోటివాళ్లంతా చచ్చిపోయినా మెషిన్‌గన్ వదలని ఖుదాదాద్ ఖాన్ ఉన్నాడు. బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ అందుకున్న తొలి భారత సిపాయి. ఆయన కార్డేదీ?"

"ఏ సీరీస్?"

"సీరీస్ ఏంటి బాబాయ్, మనవాడు!"

"మనవాడైతే మాత్రం, నంబర్ లేకుండా ఏ పేజీలో పెట్టమంటావురా?"